ధరలు చెప్పే వేళ

హారన్ మూతి పక్కకు తిరిగిపోయిందని మొదట కనిపెట్టింది ఎస్తేరు.

మిరప కోతల నుంచి తిరిగొచ్చే ఆడవాళ్లు పొద్దుగూకే వేళ వాగు మీది చప్టా దగ్గర ఆగుతారు. చప్టాకి ఒక పక్క ఊరు, ఇంకో పక్క కూలీలుండే పల్లె. పంచాయితీ ఆఫీసు మిద్దె మీద బిగించిన రేడియో హారన్ చప్టా దాకా వినపడుతుంది, దాటి నాలుగడుగులు వేస్తే వినపడదు. కిందటేడు కరెంటుతో పాటు ఊళ్లోకి వచ్చిన సర్కారు రేడియో అది. ఈ అరవై ఎనిమిది మాఘంలో కోతలు మొదలైనప్పటి నుంచి ఆడవాళ్లకి అదొక అలవాటైంది. గంపలు దించుకుని, వాగు నీళ్లలో మోచేతుల దాకా ముంచి, కారం మంట కాస్త తగ్గేదాకా పాటలు విని ఇళ్లకు పోయేవాళ్లు.

"అత్తా, గొంతు మనేపు రావట్లా. చూడు, మూతి గురజాల రోడ్డుకేసి తిప్పారు," అంది ఎస్తేరు.

రోశమ్మ నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. నిన్నటిదాకా విచ్చిన గుమ్మడి పువ్వులా తమకేసి చూస్తూ ఉన్న హారన్ ఇవాళ వీపు చూపిస్తోంది.

"గాలికి తిరిగిందేమో," అంది వెనకనుంచి ఒకామె.

"ఇనప కడ్డీకి బోల్టులేసి బిగించింది గాలికి తిరుగుద్దా?" అంది రోశమ్మ. గంప అక్కడే వదిలేసి, తడి చేతులు చీరకి తుడుచుకుంటూ ఊళ్లోకి నడిచింది. నలభై మంది కోత కూలీలకి ఆమే పెద్ద. రైతుతో మాట్లాడాల్సి వస్తే ఆమే మాట్లాడాలి.

పంచాయితీ బంట్రోతు ఆదినారాయణ అప్పుడే నిచ్చెన దిగుతున్నాడు. చేతిలో పానా ఉంది. రోశమ్మ అరుగు ఎక్కలేదు. రోడ్డు మీదే నిలబడింది.

"అన్నా, హారన్ తిప్పావేంది?"

"నేనెవర్ని తిప్పటానికి? ప్రెసిడెంటు గారు తిప్పమన్నారు."

"ఎందుకంట?"

ఆదినారాయణ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పొద్దున చేలో కూలి మీద పావలా పెంచమన్నారంటగా మీరు. గుంటూర్లో మిరపకాయ ధర పెరిగిందని ఆయన మొహం మీదే అన్నావంట. ఆ సంగతి మీకెట్టా తెలిసిందని ఆరా తీశారు. చప్టా కాడ నిలబడి రేడియో వింటన్నారని ఎవరో చెప్పారు."

"పాటల కోసం నిలబడతాం. పాటలవంగానే ధరలు చెప్తారు. అప్పుడు చెవులు మూసుకోమంటావా?"

"నన్ను అడగమాక తల్లీ. తిప్పమంటే తిప్పా."

రోశమ్మ తిరిగొచ్చి విన్నదంతా చెప్పింది. ఆడవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఎస్తేరు మాత్రం ఇంకా హారన్‌కేసే చూస్తోంది.

"అయితే పాటలు కూడా పోయినట్టేనా?" అంది.

"కూలి పోతా ఉంటే నీకు పాటల రంధా?" అంది రోశమ్మ. అందరి ముందూ అనకూడదనుకుంటూనే అంది.

ఎస్తేరు రోశమ్మ ఇంటికి కోడలై వచ్చి ఆరు నెలలు. డ్యామ్ కట్టే చోట కూలీల గుడిసెల్లో పెరిగిన పిల్ల. అక్కడ గుడారం సినిమా ఉండేదట. ఏ పాట ఏ సినిమాలోదో, ఎవరు పాడారో, తర్వాతి చరణం ఏదో అన్నీ నోటికొచ్చు. రొట్టె తడుతూ పాడుతుంది, మడమలు రుద్దుకుంటూ పాడుతుంది. రోశమ్మ కొడుకు బెంజిమిన్ దాచేపల్లి వైపు రాయి క్వారీలో పనిచేస్తూ వారానికొకసారి వస్తాడు. మిగతా రోజులన్నీ అత్తాకోడళ్లు ఇద్దరే. ఆ పాటలు రోశమ్మకి ఒక్కోసారి బాగుంటాయి, ఒక్కోసారి ఒళ్లు మండుతుంది.

తెల్లారి నలభై మందీ నరసింహారావు చేను గట్టు మీద నిలబడ్డారు. ఎవరూ సాలులోకి దిగలేదు.

రెండో కోత కాయ. చేనంతా ఎర్రగా విరగకాసి ఉంది. ముందటి కోత కాయ కల్లంలో ఎండుతోంది. పడమట సన్నటి మబ్బు పట్టింది. నరసింహారావు కల్లం దగ్గర నుంచి నడుచుకుంటూ వచ్చాడు. తెల్ల పంచె, కాళ్లకి టైరు చెప్పులు. ఆయన ఊరి ప్రెసిడెంటు. ఆ ఊళ్లో పెద్ద చేను ఆయనదే. ఆయన ఎంతిస్తే మిగతా రైతులూ అంతే ఇస్తారు.

"ఏమే రోశమ్మా, దిగరేంది?"

"నిన్న అడిగిన సంగతి అయ్యా."

"రూపాయి. నిన్నా అదే చెప్పా, ఇయ్యాలా అదే చెప్తన్నా."

"పోయినేడు రూపాయి పట్టుకుపోతే మా ఇంట్లో ఇద్దరికీ రెండు పూటలా కడుపు నిండేది. ఈ ఏడు ఆ రూపాయికి జొన్నలు ఒక పూటకే వస్తన్నయ్యి. కిరసనాయిలు కొనటం మానేశాం. నీ కాయకి ధర పెరిగిందిగా అయ్యా. మాకు పావలా పెంచితే నీకు తరుగుద్దా?"

నరసింహారావు నవ్వాడు. కానీ అది మొహం మీద నిలవలేదు. "రేడియో వినటం నేర్చుకుని నాకు లెక్కలు చెప్తన్నారు. ఎరువుల ధర చెప్పలేదా ఆ రేడియోలో? గుంటూరుకి లారీ కిరాయి చెప్పలేదా? దిగేవాళ్లు దిగండి. లేనోళ్లు గట్టు దిగి పొండి."

రోశమ్మ వెనక్కి చూడలేదు. చూస్తే ఎవరి కళ్లలో ఏం కనిపిస్తుందోనని భయం. గంప నెత్తిన పెట్టుకుని నడిచింది. కాసేపటికి వెనకనుంచి గాజుల చప్పుడు వినిపించింది. అందరూ వస్తున్నారు.

ఆ రోజు పల్లెలో ఏ పొయ్యీ సరిగా వెలగలేదు. మధ్యాహ్నానికి రోశమ్మ కుండ అడుగున మిగిలిన పిండి కాచి అంబలి చేసింది. ఎస్తేరు తన గిన్నెలోది సగం తీసి అత్త గిన్నెలో పోసింది. రోశమ్మ దాన్ని తిరిగి పోసేసింది.

మర్నాడు పొద్దెక్కాక సాల్మన్ రాజు వచ్చాడు. పంచాయితీలో పల్లె తరఫు మెంబరతను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ప్రార్థన పాక ముందు అందర్నీ పోగుచేశాడు.

"ప్రెసిడెంటు గారు ఒక మాట పంపారు. మన పల్లెకి వేరే హారన్ ఇస్తారంట. ఇక్కడే, ఈ పాక ముందు గుంజ పాతి కడతారు. పంచాయితీ ఆఫీసు నుంచి తీగె లాగిస్తారు. ఇక చప్టా కాడికి పోయి నిలబడే పని లేదు. ఇంటి ముందు మంచమేసుకుని వినొచ్చు."

పడుచుపిల్లల్లో కలకలం పుట్టింది. ఒకమ్మాయి పక్కనున్న దాని భుజం గిల్లింది.

"మరి కూలి?" అంది రోశమ్మ.

"కూలి సంగతి వచ్చే ఏడు చూద్దామన్నారు అక్కా. ఈ ఏడుకి రూపాయే. రేప్పొద్దున పనిలోకి రమ్మన్నారు."

"హారన్ తింటామా రాజూ?"

"అట్టా కాదక్కా. చుట్టుపక్కల ఏ పల్లెలో ఉంది చెప్పు, ఇట్టా సొంత హారన్? పావలా ఇయ్యాల తింటే రేపుండదు. హారన్ ఉంటది."

ముసలివాళ్లు గొణిగారు. పడుచుపిల్లలు గొణగలేదు, కానీ అవుననలేదు కూడా. అప్పుడు ఎస్తేరు గొంతు వినపడింది.

"రోజూ వస్తయ్యా పాటలు?"

"రోజూ. సాయంత్రం రేడియో పెట్టిన కాడి నుంచి కట్టేసే దాకా."

రోశమ్మ కోడలికేసి చూసింది. ఎస్తేరు తల దించలేదు. ఆ పిల్ల మొహంలో ఒక వెలుగు ఉంది. రెండు రోజులుగా సరిగా తిండిలేని మొహంలో ఆ వెలుగు చూస్తే రోశమ్మకి కోపం రాలేదు. భయం వేసింది. ఇంటి పిల్లే పోతే ఇక ఎవర్ని ఆపగలదు?

హారన్ సాయంత్రానికే వచ్చింది. బేరం కుదరకముందే సరుకు పంపినట్టు నరసింహారావు దాన్ని పంపించాడు. ఆదినారాయణ, ఇద్దరు మనుషులు వెదురు గుంజలు పాతుకుంటూ చప్టా మీదుగా తీగె లాక్కొచ్చారు. ప్రార్థన పాక ముందు పొడవాటి సర్వి గుంజ నిలబెట్టి, దాని నెత్తిన హారన్ బిగించారు. బూడిద రంగు వేసిన కొత్త హారన్. పిల్లలు దాని కింద చేరి నోళ్లు తెరుచుకుని చూశారు.

పొద్దుగూకింది. గరగరమని శబ్దం వచ్చింది. తర్వాత వీణ, తర్వాత ఒక ఆడమనిషి గొంతు.

పల్లె మొత్తం అక్కడే ఉంది. ముసలివాళ్లు మంచాలు తెచ్చుకున్నారు. ఎస్తేరు అందరికన్నా ముందు, గుంజకి ఆనుకుని కూర్చుంది. రోశమ్మ రాకూడదనుకుంది. గడపలో కూర్చుని చెవులు వినపడనట్టు చింతపండు గింజలు తీస్తోంది. కానీ రేడియోలో నాటకం మొదలైంది. అందులో ఒక అవ్వ తన మేక తప్పిపోయిందని ఊరంతా తిరుగుతోంది. ఆ అవ్వ ఏడుపు అచ్చం రోశమ్మ వాళ్లమ్మ ఏడుపులా ఉంది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. చేట చంకన పెట్టుకుని మంచాల వెనక వచ్చి నిలబడింది. మేక దొరికినప్పుడు అందరితో పాటు తనూ నవ్వింది. నవ్వాక సిగ్గేసింది.

నాటకం అయిపోయింది. పాట వచ్చింది. ఎస్తేరు పెదాలు కదులుతున్నాయి. పాట ఆగింది. మగ గొంతు ఒకటి, "ఇప్పుడు మార్కెట్ ధర..." అంటుండగా టక్కుమని హారన్ మూగబోయింది.

"కరెంటు పోయినట్టుంది," అన్నారు ఎవరో.

రోశమ్మ ఊరివైపు చూసింది. పంచాయితీ ఆఫీసు ముందు దీపం వెలుగుతూనే ఉంది. ఎస్తేరు లేచింది. ఎవరితో ఏమీ చెప్పకుండా చీకట్లో చప్టా వైపు నడిచింది. రోశమ్మ పిలవబోయి ఆగింది.

కొంచెంసేపటికి హారన్ మళ్లీ గరగరమంది. మళ్లీ పాట. జనం సర్దుకుని కూర్చున్నారు. ఎస్తేరు తిరిగొచ్చింది గానీ గుంజ దగ్గర కూర్చోలేదు. వస్తున్నది ఆ పిల్లకి ఇష్టమైన పాట. ఎన్నోసార్లు రొట్టె మాడబెట్టి మరీ పాడిన పాట. పాట సగంలో ఉండగానే వీపు తిప్పి ఇంట్లోకి వెళ్లిపోయింది. ఆమె వెనక ఇద్దరు ముగ్గురు పడుచుపిల్లలు లేచి వెళ్లారు. గోడ అవతల గుసగుసలు వినిపించాయి. రోశమ్మ దగ్గరికి వెళ్లేసరికి మాట ఆపేశారు.

"ఏందే మీ మాటలు?"

"ఏం లేదత్తా. పడుకో," అంది ఎస్తేరు.

తెల్లవారుజామున గాజుల చప్పుడికి రోశమ్మ లేచేసరికి కోడలి చాప ఖాళీగా ఉంది. మూలనున్న గంప లేదు. బయటికి వచ్చి చూస్తే పల్లె దారిలో పడుచుపిల్లలంతా వరసగా గంపలు నెత్తిన పెట్టుకుని చప్టా వైపు పోతున్నారు. ముందర ఎస్తేరు.

హారన్‌కి అమ్ముడుపోయారనుకుంది రోశమ్మ. ఇంకేం లేదు. జుట్టు ముడి వేసుకోకుండానే వాళ్ల వెనక పరిగెత్తింది.

చప్టాకి అవతల నరసింహారావు నిలబడి ఉన్నాడు. పక్కన నలుగురైదుగురు రైతులు, పున్నయ్య బండి. పున్నయ్యది నాలుగెకరాల మిరప. కౌలు చేను. పడమట మబ్బు నల్లబడి పైకి లేచింది. గంపలు రావడం చూసి నరసింహారావు భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

ఎస్తేరు చప్టా మధ్యకి వచ్చి ఆగింది. వెనక గంపలన్నీ ఆగాయి.

"రండి రండి. రెండ్రోజుల పని పడుంది," అన్నాడు నరసింహారావు.

"పావలా ఇస్తారా అయ్యా?" అంది ఎస్తేరు.

ఆయన వెంటనే అర్థం చేసుకోలేదు. "ఎవురే ఇది?"

"రోశమ్మ కోడల్ని. పావలా పెంచితే ఇట్టనే చేలోకి దిగుతాం. గంపలు కూడా తెచ్చుకున్నాం."

"రాత్రి హారన్ కట్టిస్తిని. అందరూ కూర్చుని విన్నారంటగా!"

"విన్నాం. సగం విన్నాం." ఎస్తేరు చేత్తో గంప అంచు గట్టిగా పట్టుకుంది. "ధరలు చెప్పే వేళకి మా తీగె పీకేశారు. నేను ఈ చప్టా మీదకొచ్చి నిలబడి చూశా. మీ హారన్ పలుకుతానే ఉంది. మాటలు తెలియలా గానీ గొంతు వినపడతానే ఉంది. అది అయిపోయినాక మాకు మళ్లీ పాట పెట్టారు. పాటలు మాకూ, ధరలు మీకూనా అయ్యా?"

రైతుల వెనక ఉన్న ఆదినారాయణ నేల చూపులు చూశాడు. రోశమ్మ గంపల మధ్య నుంచి తోసుకుంటూ వచ్చి కోడలి పక్కన నిలబడింది.

నరసింహారావు మొహం నల్లబడింది. "సరే. నా గట్ల మీద ఇక ఒక్కరు గడ్డి కొయ్యటానికి వీల్లేదు. నా చెలకలో పుల్ల ఏరినా ఊరుకోను. గురజాల నుంచి కూలీలని లారీలో తోలిస్తా. ఏం తింటారో చూస్తా."

గంపల్లో ఒకటి రెండు కదిలాయి. వెనక ఒక పిల్ల ఏడుపు మొహం పెట్టింది. రోశమ్మకి తెలుసు, గడ్డి లేకపోతే బర్రె లేదు, బర్రె లేకపోతే పల్లెలో సగం ఇళ్లు లేవు. దూరంగా ఉరిమింది.

పున్నయ్య తలెత్తి మబ్బుకేసి చూశాడు. బండి నొగ మీద నుంచి కిందికి దిగాడు.

"రోశమ్మా, నా చేలోకి రండి. పావలా ఇస్తా."

"పున్నయ్యా!" అన్నాడు నరసింహారావు.

"నీకేంది బావా, నాలుగు రోజులాగినా తట్టుకుంటావు. లారీ వచ్చేదాకా నా కాయ ఆగుద్దా? ఈ వాన దాని మీద పడితే రంగు పోయి తాలైపోద్ది. కౌలు ఎవురు కడతారు? నువ్వు కడతావా?" పున్నయ్య ఆయన మొహంలోకి చూడకుండానే అన్నాడు. ఎద్దుల మెడ కింద చెయ్యి పెట్టి బండి తిప్పుకున్నాడు.

ఎస్తేరు అత్తకేసి చూసింది. రోశమ్మ తల ఊపింది. అంతా బండి వెనక నడిచారు. నరసింహారావు పక్కనుంచి పోతున్నప్పుడు ఎవరూ తల దించుకోలేదు, ఎత్తనూ లేదు. దారి చూసుకుంటూ పోయారు.

పున్నయ్య చేలో ఆ రోజు కోసినట్టు ఎప్పుడూ కోయలేదు. ఒంగిన నడుములు లేవలేదు. ఒడి నిండగానే గంపలో పోయటం, గంప నిండగానే కల్లానికి మొయ్యటం. వాన మధ్యాహ్నానికి వచ్చింది. జల్లు పడి పోయింది. అప్పటికే పున్నయ్య కల్లంలోని కాయ మీద గోనెపట్టాలు కప్పేశారు. నరసింహారావు కల్లంలో మనుషులు చాలక ముందటి కోత కాయ ఒక కుప్ప తడిసిందని సాయంత్రం తెలిసింది. ఆ మాట విని పల్లెలో ఎవరూ సంతోషపడలేదు. వాళ్ల చేతులతో కోసి ఎండబెట్టిన కాయే అది.

గురజాల లారీ రాలేదు. ఆ రోజుల్లో అన్ని ఊళ్లలోనూ కోతలే, కూలీలు ఎక్కడా ఖాళీగా లేరు. పున్నయ్య చేను అయిపోయిన నాటికి మరో ఇద్దరు రైతులు పావలా కలిపి పిలిచారు. ఆ మర్నాడు ఆదినారాయణ నిచ్చెన భుజాన వేసుకుని పల్లెలోకి వచ్చాడు.

"ప్రెసిడెంటు గారు రమ్మంటన్నారు రోశమ్మా. అందరితో పాటే ఇస్తారంట."

"గడ్డి సంగతి?"

"కోపంలో అన్నమాటలే, కోసుకోండి అన్నారు." తర్వాత గొంతు సవరించుకున్నాడు. "హారన్ మాత్రం దింపుకు రమ్మన్నారు."

సాల్మన్ రాజు ఏదో చెప్పబోయాడు. ఎవరూ అతనికేసి చూడకపోయేసరికి ఊరుకున్నాడు. ఆదినారాయణ సర్వి గుంజకి నిచ్చెన ఆనించాడు. గుంజ చుట్టూ వదులు మన్నులో నిచ్చెన కాళ్లు జారుతున్నాయి. ఎస్తేరు వెళ్లి దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఆయన పైకెక్కి బోల్టులు విప్పి హారన్ కిందికి అందించాడు. ఎస్తేరు దాన్ని పసిపిల్లని అందుకున్నట్టు అందుకుని, లోపలికి ఒకసారి చూసి, పాక అరుగు మీద పెట్టింది. ఇంటికి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. పొగ లేకపోయినా కళ్లు తుడుచుకుంది.

రోశమ్మ పక్కన కూర్చుని కోడలి చేతులు తన ఒళ్లోకి లాక్కుంది. కారానికి వేళ్ల సందులు పొక్కి ఉన్నాయి. వాటికి ఆముదం రాస్తూ, "నీకు పాటలంటే అంత ఇష్టమని నాకు తెలుసు గదే," అంది. "మరి ఎట్టా లేచొచ్చావే ఆ రాత్రి?"

"ఆ పాట నా నోరు మూయటానికి పెట్టారని తెలిశాక వినబుద్ధి కాలా అత్తా."

మర్నాడు నరసింహారావు చేలో పని జరిగింది. ఆయన గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చున్నాడు. పొద్దుగూకే వేళకి ఆడవాళ్లు చప్టా దగ్గరికి వచ్చి వాగులో చేతులు ముంచారు. పంచాయితీ మిద్దె మీది హారన్ ఇంకా గురజాల రోడ్డుకేసే చూస్తోంది. పాట ఉందో లేదో తెలియనంత సన్నగా వినిపిస్తోంది.

ఎస్తేరు తడి చేతులు విదిలించి, పల్లె వైపు కాక ఊరి వైపు తిరిగింది.

"ఎటే?" అంది రోశమ్మ.

"హారన్ కాడికి. సర్కారోళ్లు ఊరంతటికీ ఇచ్చిన రేడియోనేగా."

పగలు పని ఉంటే ఊళ్లోకి పోతారు. పని లేకుండా, పొద్దుగూకాక, రైతులు కూర్చునే చోటికి పల్లె ఆడవాళ్లు పోయింది లేదు. పోకూడదని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. కోడలు అప్పటికే పది బారలు దూరం పోయింది. ఒక్కతే పోతోంది. రోశమ్మ గంప ఎత్తుకుని అడుగు వేసింది. వెనక మిగతా గంపలు కదిలాయి.

పంచాయితీ ఆఫీసు అరుగు మీద రైతులు కూర్చుని ఉన్నారు. కుర్చీలో నరసింహారావు. గుమ్మంలో బల్ల మీద రేడియో, దాని పక్కన స్టూలు మీద ఆదినారాయణ. ఆడవాళ్లు రావడం చూసి మాటలు ఆగాయి. ఎస్తేరు అరుగుకి ఎదురుగా గంప బోర్లించి దాని పక్కన నేల మీద కూర్చుంది. ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. రోశమ్మకి చోటు చాల్లేదు. అరుగు మెట్టు దగ్గర నిలబడిపోయింది.

పాట అయిపోయింది. ఆదినారాయణ చెయ్యి దానంతటదే మీట మీదికి పోయింది. ప్రెసిడెంటుకేసి చూశాడు.

నరసింహారావు నోరు తెరిచాడు. ఆయన ఏమనేలోపే అరుగు చివర నుంచి పున్నయ్య అన్నాడు. "ఆదినారాయణా, చెయ్యి తియ్. రేపు నేను కాయ గుంటూరు తోలుతన్నా. ధర వినాలి."

"మేమూ వినాలి," అన్నారు అరుగు మీద ఇంకెవరో.

నరసింహారావు రైతుల్ని చూశాడు. కింద కూర్చున్న ఆడవాళ్లని చూశాడు. కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. ఆదినారాయణ మీట మీద నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

పున్నయ్య మెట్టు మీద పెట్టుకున్న చేతికర్ర తీసి పక్కకి జరిపాడు. రోశమ్మ అక్కడ కూర్చుంది.

"ఇప్పుడు మార్కెట్ ధరలు. గుంటూరు, మిరపకాయలు, కొత్త సరుకు..." అంది రేడియో. అరుగు మీది రైతులూ, కింద కూర్చున్న కూలీలూ అందరూ ముందుకు వంగి విన్నారు.